నేతానీ ఇంటి ఆరు మెట్లు

శనివారం టోంగా దేశం జట్టుతో ఆట. మంగళవారం పొద్దున్నే సింహాద్రి తన గురువు ఇంటికి వెళ్ళి, మోకాలు నొప్పిగా ఉంది, ఈసారి ఆడలేను అని చెప్పాడు.

గురువు పేరు ఇలైసా. అరవై తొమ్మిదేళ్ళ మనిషి. అప్పుడు ఇంటి వెనక కర్రపెండలం దుంపలు తవ్వుతున్నాడు. తలెత్తకుండానే అడిగాడు.

"ఏ మోకాలు?"

సింహాద్రి కాస్త ఆలోచించాడు. నొప్పి ఉన్నవాడికి ఆలోచించే పని ఉండదు.

"కుడిది," అన్నాడు.

"ఊఁ," అని గురువు ఇంకో దుంప పెకలించి మట్టి దులిపాడు.

ఇదంతా ఫిజీ దీవుల్లో, చెరకు పండే ఒక నది ఒడ్డున జరిగింది. సింహాద్రి ముత్తాత విశాఖపట్నం పక్క పల్లె నుంచి కూలి ఒప్పందం మీద వేలిముద్ర వేసి ఓడెక్కి వచ్చినవాడు. ఆ ఇంట్లో తెలుగు ఇప్పటికి చాలావరకు అరిగిపోయింది. తల్లికి కోపం వచ్చినప్పుడు మాత్రం మొత్తం తిరిగొస్తుంది. ఇలైసా ఆ దీవుల సొంత మనిషి. ఆయన దగ్గర ఆట నేర్చుకున్నవాళ్ళంతా ఆయన్ని మోమో అని పిలుస్తారు. అంటే మామ. మనలాగే వాళ్ళకీ మేనమామకి, పిల్లనిచ్చిన మామకి ఒకటే మాట.

వాళ్ళిద్దరినీ కలిపింది రగ్బీ లీగ్ ఆట. తెలియనివాళ్ళకి చెప్పాలంటే, కబడ్డీలో పట్టు ఉంటుంది కదా, ఇక్కడ మనం పట్టాల్సినవాడు బంతి చంకన పెట్టుకుని ఎదురుగా పరిగెత్తుకొస్తుంటాడు. మనమూ పరిగెత్తుకెళ్ళి వాణ్ణి గుద్దుకుని, చేతులు చుట్టి కింద పడెయ్యాలి. జట్టుకి పదముగ్గురు. ముందు వరసలో ఆడేవాళ్ళకి ఎనభై నిమిషాలూ ఇదే పని, గుద్దడం, గుద్దించుకోవడం. చెరకు తోటల్లో పెరిగిన మనవాళ్ళు ఎక్కువగా ఫుట్‌బాల్ ఆడతారు. ఒళ్ళు హూనమయ్యే ఈ ఆట జోలికి పోరు. సింహాద్రి పోయాడు. పదిహేనో ఏట మోమో దగ్గర చేరాడు, ఇరవై మూడో ఏట దేశం జట్టులోకి వచ్చాడు. ఇప్పుడు ఇరవై తొమ్మిది. పదకొండు అంతర్జాతీయ ఆటలు ఆడాడు. సమోవా వెళ్ళాడు, పాపువా వెళ్ళాడు, ఒకసారి ఎముకలు కొరికే చలిలో ఇంగ్లండ్ దాకా వెళ్ళొచ్చాడు. భయమంటే ఏమిటో తెలియని మనిషని పేపర్లో రాశారు. ఆ ముక్క వాళ్ళమ్మ కత్తిరించి గోడకి అంటించింది.

మోమో నేర్పేది నాలుగే సంగతులు. చెరకు లారీ టైరు ఒకటి తాడుతో వేలాడదీసి, ఏళ్ళ తరబడి రోజూ అవే. చెంప పక్కటెముకలకి ఆనాలి. తల పక్కకి పోవాలి. చేతులు వీపు వెనక కలవాలి. కళ్ళు తెరిచి ఉండాలి.

నాలుగోది సింహాద్రికి పట్టుబడలేదు. గుద్దుకునే ముందు రెప్పపాటు కాలం కళ్ళు మూతపడేవి. ఎవరూ గమనించలేదనుకున్నాడు. పట్టు తప్పేది కాదు కాబట్టి దాన్నొక లోపంగా తనూ లెక్కపెట్టలేదు.

ఎనిమిది నెలల కిందట పక్క ఊరి జట్టుతో మామూలు ఆట జరిగింది. అవతల నేతానీ అని ఇరవై నాలుగేళ్ళవాడు, వాడూ ముందు వరసవాడే, బంతి తీసుకుని నేరుగా వచ్చాడు. సింహాద్రి ఎదురెళ్ళాడు. దబ్బుమని చప్పుడైంది. సింహాద్రి కళ్ళు తెరిచేసరికి నేతానీ గడ్డి మీద వెల్లకిలా పడి ఉన్నాడు. లెమ్మని ఎవరో చెయ్యి అందించారు. నేతానీ లేవలేదు.

"నా కాళ్ళ మీద ఎవరు కూర్చున్నారు?" అని అడిగాడు.

ఎవరూ కూర్చోలేదు.

రెఫరీ తప్పు లేదన్నాడు. విచారణ చేసినవాళ్ళూ తప్పు లేదన్నారు. పల్లె ఆటకి కెమెరాలు ఎక్కడివి, చూసినవాళ్ళు చెప్పిందే సాక్ష్యం. అందరికంటే దగ్గరగా ఉన్నవాడు సింహాద్రి. ఆ ఒక్కడూ చూడలేదు. తల ఎటు పోయింది, భుజం ఎక్కడ తగిలింది, చెయ్యి మెడ మీద పడిందా లేదా, అతనికి తెలియదు. ఇక ఎప్పటికీ తెలియదు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఆ దీవుల్లో ఒక పద్ధతి ఉంది. ఒక మనిషి వల్ల ఇంకో మనిషికి హాని జరిగితే, కావాలని చేసినా చెయ్యకపోయినా, ఆ మనిషి తిమింగలం పన్నో, యంగోనా వేర్ల కట్టో పట్టుకుని అవతలి ఇంటికి వెళ్ళాలి. యంగోనా అంటే వాళ్ళు దంచి నీళ్ళలో కలుపుకుని తాగే ఒక మొక్క వేరు, మర్యాదలన్నిటికీ అదే కావాలి. వెళ్ళినవాడు తల వంచుకుని నేల మీద కూర్చోవాలి. ఇంటివాళ్ళు అతను తెచ్చినదాన్ని తాకితే క్షమించినట్టు. తాకకపోతే అలాగే కూర్చుని ఉండాలి, ఎంతసేపైనా.

నేతానీ పడిన పదో రోజున క్లబ్బు పెద్దలు తిమింగలం పన్ను తీసుకుని బయల్దేరారు. సింహాద్రీ బయల్దేరాడు. ఆ ఇంటికి నూరు గజాల దూరంలో బండి ఆగితే దిగలేకపోయాడు. కడుపులో నొప్పి అన్నాడు. పెద్దలే వెళ్ళొచ్చి, కుటుంబం పన్ను తీసుకుంది, ఇక నువ్వు దిగులు పెట్టుకోకు అన్నారు. కానీ తన చేతుల్లోంచి ఎవరూ ఏమీ తీసుకోలేదని సింహాద్రికి తెలుసు.

అక్కణ్ణించి భయం మొదలైంది. మొదట్లో రెప్పపాటు మూతపడే కళ్ళు, ఇప్పుడు అవతలివాడు ఐదు గజాల దూరంలో ఉండగానే మూతపడుతున్నాయి. నాలుగు నెలలు వీపు నొప్పి అని, జ్వరమని, చెరకు కోతలని వంకలు చెప్పి ఆటలు ఎగ్గొట్టాడు. అయినా పాత పేరు మీద టోంగాతో ఆటకి పిలుపు వచ్చింది. దానికి వంక దొరకలేదు. సోమవారం సాయంత్రం సాధనలో సొంత జట్టువాడే ఎదురొస్తుంటే, సింహాద్రి తల పక్కకి పోకుండా మనిషికి అడ్డంగా వెళ్ళింది. అలా వెళ్తే మెడ విరుగుతుంది. తనదైనా, ఎదుటివాడిదైనా. వెంట్రుకవాసిలో తప్పింది. ఎదుటివాడు నవ్వుతూ లేచి, నిద్రపోతున్నావా అని భుజం తట్టి వెళ్ళాడు. సింహాద్రి అక్కడే గడ్డి మీద కూర్చుండిపోయాడు.

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నా ముద్ద దిగలేదు.

"ఏటయినాది నీకు? తినవేటి?" అంది తల్లి.

"మోకాలు నొప్పమ్మా."

"మోకాలు నొప్పయితే నోటికేటయినాది?"

అబద్ధం అలా పుట్టింది. అదే మర్నాడు మోమో పెరట్లోకి వచ్చింది.

దుంపలు బుట్టలో వేసి మోమో నడుం పట్టుకుని లేచాడు. సింహాద్రి మోకాలి వైపు చూశాడు, మొహం వైపు చూశాడు.

"బండెక్కు. ఆ కుడి కాలితోనే ఎక్కు," అన్నాడు.

"డాక్టర్ దగ్గరికా?"

"అలాంటిదే."

మోమో ఇంట్లోకి వెళ్ళి వచ్చాడు. వచ్చేటప్పుడు చేతిలో యంగోనా వేర్ల కట్ట ఉంది. దాన్ని సీటు మధ్యలో పెట్టాడు. వేర్ల కట్ట పట్టుకుని డాక్టర్ దగ్గరికి ఎవరూ వెళ్ళరు.

బండి వంతెన దాటి ఎడమకి తిరిగింది. ఆ దారి ఎక్కడికి పోతుందో సింహాద్రికి తెలుసు. అటూ ఇటూ మనిషెత్తు చెరకు. పొద్దున పడిన వానకి మట్టి ఎర్రగా నాని ఉంది. సింహాద్రి అరచేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు, మళ్ళీ తడిశాయి. పెద్ద పెద్ద మైదానాల్లో వేలమంది అరుస్తుంటే కూడా ఇలా అవలేదు.

"మోమో, వెనక్కి తిప్పండి," అన్నాడు.

"ఈ దారిలో తిప్పడానికి చోటు లేదు. ఆ ఇంటి ముందరే తిప్పాలి."

"అయితే ఆపండి."

మోమో ఆపాడు. ఇంజను కూడా ఆపేశాడు. చెరకాకుల చప్పుడు వినిపించింది. సింహాద్రి తలుపు మీద చెయ్యి వేశాడు. దిగి ఎక్కడికి వెళ్తాడు? చెరకులో పడి పారిపోవాలనే అనిపించింది. నూటపది కిలోల మనిషి, పదకొండుసార్లు దేశం చొక్కా వేసుకున్నవాడు, చెరకు తోటలో దాక్కోవాలనుకున్నాడు. చెప్పుకుంటే నవ్వు వస్తుంది కానీ ఆ బండిలో ఎవరూ నవ్వలేదు.

"మోకాలు బాగానే ఉంది," అన్నాడు చివరికి.

"ఊఁ."

"నేను కళ్ళు మూసుకుంటాను మోమో. ఆ రోజు కూడా మూసుకున్నాను. అందరూ తప్పు లేదంటారు. ఉందో లేదో నాకే తెలియదు."

"తెలుసు," అన్నాడు మోమో.

"ఏం తెలుసు?"

"నువ్వు కళ్ళు మూసుకుంటావని. నీ పదహారో ఏటి నుంచి తెలుసు. టైరు పక్కన నిలబడేవాణ్ణి నేనే కదా. నీ పేరెత్తకుండా, అందరికీ చెప్పినట్టే రెండేళ్ళు చెప్పాను. తర్వాత నువ్వు గెలిపించడం మొదలుపెట్టావు. చెప్పడం మానేశాను."

సింహాద్రి ఆయన వైపు చూశాడు. ముసలాయన స్టీరింగు మీద చేతులు పెట్టుకుని దారిని చూస్తున్నాడు.

"అందుకే వారానికి మూడు రోజులు ఇటు వస్తాను," అని మోమో ఇంజను వేశాడు.

ఎనిమిది నెలలుగా ఆయన ఇక్కడికి వస్తున్నాడని సింహాద్రికి తెలియదు. ఇక దిగుతానని అనలేకపోయాడు. భయం మాత్రం అలాగే కూర్చుని ఉంది. బండి కదిలేకొద్దీ ఇంకా బరువెక్కింది.

నేతానీ వాళ్ళది రేకుల ఇల్లు. వరద వచ్చినా నీళ్ళు అందకుండా ఎత్తు గుంజల మీద కట్టారు. ముందు ఆరు చెక్క మెట్లు, పట్టుకోవడానికి పక్కన ఏమీ లేదు. తల్లి లిటియా వాకిట్లో చాప అల్లుతోంది. బండి శబ్దానికి తలెత్తి, మోమోని చూసి నవ్వబోయి, వెనక దిగిన మనిషిని చూసి ఆగిపోయింది. అల్లిక పక్కన పెట్టి, ఒక్క మాట లేకుండా మెట్లెక్కి లోపలికి వెళ్ళింది.

"వెళ్ళిపోదాం మోమో. ఆమెకి ఇష్టం లేదు," అన్నాడు సింహాద్రి.

"ఇష్టం లేకపోతే తలుపు వేసుకునేది. లోపల చాప పరుస్తోంది," అని మోమో వేర్ల కట్ట తీసి అతని చేతుల్లో పెట్టాడు. "నువ్వే ఇవ్వాలి. ఈసారి నీ బదులు ఎవరూ మాట్లాడరు."

మెట్లు తడిగా ఉన్నాయి. మూడో మెట్టు చెక్క కాలు పెడితే ఒక పక్కకి ఒరుగుతోంది. సింహాద్రి గుమ్మం దాటి, అక్కడే నేల మీద కూర్చున్నాడు. కట్ట ముందు పెట్టి తల దించుకున్నాడు. చెప్పాల్సిన మాటలు కొన్ని ఉంటాయి, ఆ దీవుల్లో పుట్టినవాడికి ఎవరూ నేర్పక్కర్లేదు. ఆ మాటల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. "నేను సింహాద్రిని," అన్నాడు.

కట్ట నేల మీదే ఉంది. అతనికి లిటియా పాదాలు కనిపిస్తున్నాయి. ఆ పాదాలు కదల్లేదు. పైన రేకుల మీద ఏదో పిట్ట నడిచింది. ఇంత పెద్ద ఒంటితో ఎంత చిన్నగా అవగలడో అంత చిన్నగా అయి కూర్చున్నాడు. ఈవిడ తాకదు అనుకున్నాడు. సాయంత్రం దాకా ఇలాగే కూర్చోవాలి, రేపు కూడా వచ్చి కూర్చోవాలి అనుకున్నాడు.

పాదాలు ముందుకొచ్చాయి. లిటియా వంగి, వేర్ల కట్ట మీద చెయ్యి వేసింది.

"ఎనిమిది నెలలైంది. దారి తెలియదేమో అనుకున్నాను," అంది.

సింహాద్రికి కళ్ళ నీళ్ళు ఆగలేదు. తల ఎత్తకుండానే తుడుచుకున్నాడు.

"ఎవరమ్మా వచ్చింది?" అని తెర వెనక నుంచి గొంతు వినిపించింది. కాళ్ళ గురించి అడిగిన రోజు తర్వాత సింహాద్రి ఆ గొంతు వినడం ఇదే మొదటిసారి.

"మోమో వచ్చాడు. ఇంకొకరు కూడా," అంది లిటియా.

"అన్న చెరకు కోతకి పోయాడుగా. ఈవేళ నన్ను బయటికి ఎవరు దించుతారు?"

అప్పుడు తెలిసింది సింహాద్రికి మోమో ఎందుకు వస్తాడో. వారానికి మూడు రోజులు ఆయనా, నేతానీ అన్నా కలిసి నేతానీని ఎత్తుకుని, ఆ మెట్లు దింపి, వాకిట్లో కుర్చీలో కూర్చోబెడతారు. నేతానీకి ఆకాశం కనిపించేది ఆ మూడు రోజులే.

"సింహాద్రి దించుతాడు," అన్నాడు మోమో. అని వెళ్ళి చాప మీద బాసింపట్టు వేసుకుని, యంగోనా కలిపే చెక్క పళ్ళెం ముందుకి లాక్కున్నాడు.

సింహాద్రి ఆయన వైపు తిరిగాడు.

"మోమో, మీరొక చెయ్యి వెయ్యండి."

"మోకాలు నొప్పి," అన్నాడు మోమో. "కుడిది."

"పడేస్తాను మోమో. మళ్ళీ ఏదైనా అయితే..."

మోమో ఇంట్లో దంచి ఉంచిన వేర్ల పొడి గుడ్డలో మూట కడుతున్నాడు.

లిటియా తెర పక్కకి తీసింది. నేతానీ దిండ్లకి ఆని పడుకుని ఉన్నాడు. మెడకి పట్టీ. భుజాలున్న చోట ఎముకలు కనిపిస్తున్నాయి. చేతులు లేస్తాయి కానీ వేళ్ళు మూసుకోవు. సింహాద్రిని పై నుంచి కింది దాకా చూశాడు.

"వచ్చావా భయ్యా," అన్నాడు తర్వాత. దీవి మనుషులు మనవాళ్ళని అలాగే పిలుస్తారు.

"వచ్చాను," అన్నాడు సింహాద్రి.

"అయితే నిలబడ్డావేం? వానొస్తే ఈవేళ బయటికి పోవడం ఉండదు."

సింహాద్రి మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చేతులు చాచాడు, వెనక్కి తీసుకున్నాడు. ఎక్కడ పట్టుకోవాలో తెలియలేదు. ఎక్కడ పట్టుకున్నా విరిగిపోతుందనిపించింది.

"ఎలా ఎత్తాలి?" అని అడిగాడు, వెనక్కి తిరగకుండా.

"నీకు తెలిసిన పట్టే," అన్నాడు మోమో చాప మీద నుంచి. "తల నువ్వు పట్టుకోకు. అది వాడు చూసుకుంటాడు."

చెంప పక్కటెముకలకి. తల పక్కకి. సింహాద్రి వంగాడు. అదే మనిషి, అవే ఎముకలు. నేతానీ రెండు చేతులూ ఎత్తి అతని మెడ మీద వేశాడు, వేళ్ళు వదులుగా వేలాడాయి. సింహాద్రి చేతులు వీపు వెనక్కి పోనిచ్చాడు. ఆ రోజు ఈ వీపు చుట్టూ చేతులు కలవలేదు, అంత మనిషి. ఈవేళ కలిసి, దాటి, మోచేతుల దాకా వెళ్ళాయి.

"చేతులు చల్లగా ఉన్నాయి భయ్యా," అన్నాడు నేతానీ.

లేచేటప్పుడు కళ్ళు వాటంతటవే మూతపడ్డాయి. అతనికి తెలిసింది. చీకట్లో బరువు ఒక పక్కకి జారుతున్నట్టనిపించింది. టక్కున తెరిచాడు. బరువు జారలేదు. నేతానీ గడ్డం అతని భుజం మీద ఉంది, ఊపిరి చెవి పక్కన తగులుతోంది. ఒక చెయ్యి కిందికి దించి తొడల కింద పట్టు దొరకబుచ్చుకున్నాడు. గుమ్మం దాకా నడిచాడు.

మెట్ల పైన ఆగిపోయాడు. ఆరు. తడి చెక్కలు. కింద రాళ్ళున్న వాకిలి. వెనక్కి వెళ్ళి పడుకోబెట్టేద్దాం అనుకున్నాడు. లిటియా పక్కకి తప్పుకుని దారి ఇచ్చింది. ఆమె రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.

"నేతానీ," అన్నాడు మెల్లగా. "ఆ రోజు నేను కళ్ళు మూసుకున్నాను. నిన్ను చూడలేదు."

చెవి పక్కన ఊపిరి ఒకసారి ఆగి మళ్ళీ కదిలింది.

"నేనూ మూసుకున్నాను భయ్యా," అన్నాడు నేతానీ. "అంత మనిషివి ఎదురొస్తుంటే ఎవడు తెరుచుకుని ఉంటాడు?"

ఎనిమిది నెలలుగా మోస్తున్న సంగతి. ఇద్దరూ చూడలేదు. దగ్గర నుంచి చూసినవాడు లోకంలో ఎవడూ లేడు.

"ఇప్పుడు మాత్రం మూసుకోకు," అన్నాడు నేతానీ. "నాకు వెనక్కే కనిపిస్తోంది. మెట్లు నువ్వే చూడాలి."

సింహాద్రి కాలు దించాడు. ఒకటి. పాదం మొత్తం ఆనిందో లేదో చూసుకుని, రెండో కాలు దించాడు. రెండో మెట్టు. మూడో మెట్టు ఒరిగింది. నేతానీ కాళ్ళు ఊగి అతని మోకాళ్ళకి కొట్టుకున్నాయి. సింహాద్రి కదలకుండా నిలబడి, ఆ చెక్క సర్దుకునేదాకా దాన్నే చూశాడు. చెమట కళ్ళలోకి దిగుతోంది, మండుతోంది. తుడుచుకోవడానికి చెయ్యి లేదు. రెప్ప వెయ్యలేదు. నాలుగు. అయిదు. ఆరోది దిగి మట్టి తగిలేసరికి అతని నడుం దాకా చొక్కా తడిసిపోయి ఉంది.

కుర్చీలో కూర్చోబెట్టి, కాళ్ళు సర్ది, వీపు వెనక ఉన్న చెయ్యి తీశాడు. తీయడానికి కూడా కాస్త సమయం పట్టింది, వేళ్ళు బిగుసుకుపోయాయి. నేతానీ మొహం ఎత్తి ఆకాశం చూశాడు. కొండ మీద మబ్బు చూశాడు. చెరకు మీదుగా వచ్చే గాలికి కళ్ళు చికిలించాడు.

"శనివారం ఆట రేడియోలో వస్తుందా?" అని అడిగాడు.

"వస్తుంది," అంది లిటియా.

సింహాద్రి కింది మెట్టు మీద కూలబడ్డాడు. మోమో పళ్ళెం పట్టుకుని దిగివచ్చి, కొబ్బరి చిప్పలో యంగోనా ముంచి ముందు నేతానీ నోటికి అందించాడు. తర్వాత లిటియాకి. తర్వాత సింహాద్రికి. చేదుగా, మట్టి వాసన వేసే ఆ నీళ్ళని సింహాద్రి ఒక్క గుక్కలో తాగాడు.

చాలాసేపు అలాగే కూర్చున్నారు. నేతానీ ఈ ఏటి చెరకు గురించి అడిగాడు. ముందు వరసలో ఆడే టోంగా వాళ్ళలో ఒకడు నూట ముప్పై కిలోలటగా అని అడిగాడు. అవునట అన్నాడు సింహాద్రి. వాడు ఎడమ భుజం ముందు పెట్టి వస్తాడు, చూసుకో అన్నాడు నేతానీ.

కొండ మీద మబ్బు కిందికి దిగింది. మొదటి చినుకు లిటియా చాప మీద పడింది. ఆమె చాప చుట్టడం మొదలుపెట్టింది.

"వాన వస్తోంది," అన్నాడు మోమో. "వాణ్ణి లోపలికి తీసుకెళ్ళాలి."

సింహాద్రి మెట్ల వైపు చూశాడు. దిగడం ఒక ఎత్తు, ఎక్కడం ఇంకో ఎత్తు. మోమో వైపు చూశాడు. ఆయన పళ్ళెం తీసుకుని లేస్తున్నాడు, చేతులు ఖాళీ లేవు.

"భయం పోయిందా?" అని అడిగాడు మోమో.

"లేదు మోమో. ఇందాకటి కంటే ఎక్కువైంది."

"మంచిది," అన్నాడు మోమో. "అది లేనివాడి చేతుల్లో ఇక ఏ మనిషినీ పెట్టను."

చినుకులు పెద్దవవుతున్నాయి. సింహాద్రి లేచి వెళ్ళి, కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నేతానీ మొహంలోకి చూశాడు. చూసి, ఆ తర్వాత చేతులు చాచాడు.